తెర మీద మామ ఫొటో పెట్టాలా?

ఈసారి ఉత్తరం మునుగోడు వైపు నుంచి వచ్చింది. రాసినావిడ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్స్ టీచర్. నలభై రెండేళ్ల వయసు, పద్దెనిమిదేళ్ల సర్వీసు. పేరు, ఊరు, స్కూలు బయటపెట్టవద్దన్నారు. ఎనిమిది పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమె పెరిగింది అమ్మమ్మగారి ఊళ్లో, మేనమామ దగ్గర. ఎముకలనూ పళ్లనూ పాడుచేసే ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లే ఊరంతా తాగిన కాలం అది. ముప్పై ఐదు దాటాక మామకు నడుము పట్టేయడం మొదలైంది. ఇప్పుడు అరవై ఒకటి. వెన్ను వంగిపోయింది, మెడ తిరగదు. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాలి. "నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయిన మనిషి" అని రాశారు.

గత డిసెంబరులో జిల్లా కేంద్రంలో జరిగిన ఒక శిక్షణలో ఫ్లోరైడ్ నీళ్ల మీద మాట్లాడమని ఆమెను పిలిచారు. స్కూల్లో కంప్యూటర్ బాగా తెలిసిన తోటి టీచర్, వయసులో చిన్నవాడు, అడగకుండానే 34 స్లైడ్ల పీపీటీ తయారుచేసి ఇచ్చాడు. ఎగురుకుంటూ వచ్చే అక్షరాలు, చప్పుళ్లు, నిండా రంగులు. హాల్లో వాళ్ల ల్యాప్‌టాప్‌కు పెన్ డ్రైవ్ పెట్టగానే తెలుగు అక్షరాలన్నీ పిచ్చి గుర్తులైపోయాయి. ఇంగ్లీషులో ఉన్నవి మాత్రం మిగిలాయి. ఆమె తెర వైపు తిరిగి వాటినే చదువుతూ పోయారు. ఇరవై రెండో స్లైడ్ దగ్గర ముందు వరసలోని ఒక అధికారి, "అమ్మా, చదవడం మాక్కూడా వచ్చు. మీరు చెప్పేదేమైనా ఉంటే చెప్పండి" అన్నారు. వెనక నుంచి నవ్వులు. ఆమె "థాంక్యూ" అని వచ్చి కూర్చున్నారు. తర్వాత రెండు సమావేశాలకు పిలుపు వస్తే ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకున్నారు.

వచ్చే నెల తప్పించుకోలేనివి రెండున్నాయి. ఒకటి అదే హాల్లో అధికారులు, డాక్టర్లు, హెడ్‌మాస్టర్ల ముందు 12 నిమిషాలు. రెండోది అదే వారంలో సొంత స్కూల్లో తల్లుల సమావేశం. ఇంటికి నల్లా వచ్చినా, నీళ్లు రాని రోజు తమ ఊళ్లో చాలా ఇళ్లలో బోరు నీళ్లతోనే వండుతున్నారట. అది ఆపించాలని ఆమె తపన. తోటి టీచర్ ఈసారి ఒక సలహా ఇచ్చాడు. "మేడమ్, మీ మామ ఫొటో పెద్దగా పెట్టండి. హాలంతా కళ్లు తుడుచుకుంటది. ఎవ్వరూ నవ్వరు." మామను ఆమె ఇంకా అడగలేదు. పూర్వం ఎవరైనా కెమెరాలతో వస్తే ఆయన లేచి లోపలికి పోయి తలుపు వేసుకునేవారట.

ఆమె ముఖ్యంగా అడిగినవి మూడు. స్లైడ్లు ఎలా చేసుకోవాలి? భయం ఎలా పోతుంది? మామ ఫొటో పెట్టాలా, వద్దా? ఉత్తరం చివర, అన్నీ అయిపోయాక, ఒక్క వాక్యం ఉంది. "నావీ గారపళ్లే, కొత్తవాళ్ల ముందు నోరు తెరవాలంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటాను."

అమ్మా, నేను ఆ చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను. పద్దెనిమిదేళ్లుగా రోజూ పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పే మనిషికి మాట్లాడటం రాదంటే నేను నమ్మను. మీకు కష్టమైంది, కొత్తవాళ్లు మీ ముఖంలోకి చూస్తుండగా నిలబడటం. తెర వైపు తిరిగితే ఆ చూపులు తప్పాయి. చెయ్యి చేసే పని ఆ రోజు తెర చేసింది. ఈ సంగతికి మళ్లీ వస్తాను. ముందు ఆ రోజు జరిగినవాటిని విడదీద్దాం. మీరు అన్నిటినీ కలిపి "నాకు చేతకాదు" అని ఒక్క ముద్ద చేసి పెట్టుకున్నారు. అందులో మీది కానిది చాలా ఉంది.

అక్షరాలు పిచ్చి గుర్తులవడం మీ తప్పు కాదు. మన దగ్గర డీటీపీ సెంటర్లలో, పాత కంప్యూటర్లలో వాడే అను లాంటి ఫాంట్లు లోపల ఇంగ్లీషు గుర్తులుగానే దాచి ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అవి తెలుగుగా కనిపిస్తాయి. ఇంకోదానిలో తెరిస్తే ఆ గుర్తులే బయటపడతాయి. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి యూనికోడ్, అందులో టైపు చేస్తే ఈ గొడవ ఉండదు. విండోస్‌లో ఉండే గౌతమి, నిర్మల ఫాంట్లు యూనికోడ్‌వే. మీ ఫోన్లో మెసేజ్ టైపు చేసేది కూడా యూనికోడే కాబట్టి అక్కడ టైపు చేసుకుని స్లైడ్‌లోకి తెచ్చుకోవచ్చు. అంతా అయ్యాక పీపీటీతో పాటు పీడీఎఫ్ కూడా ఒకటి పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. పీడీఎఫ్‌లో అక్షరాలు ఎక్కడికీ పోవు. వీలైతే మీ ల్యాప్‌టాప్ మీరే తీసుకెళ్లండి, అయితే ప్రొజెక్టర్ వైరు దానికి పడుతుందో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవాలి. పాత ప్రొజెక్టర్లకు వీజీఏ వైరు ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ రంధ్రమే ఉండదు.

చదవడం సంగతి వేరు. ఆ అధికారి మాట తీరు బాగాలేదు. నలుగురిలో ఒక ఆడమనిషిని, అదీ తెలుగు అక్షరాలు పోయి అవస్థ పడుతున్న మనిషిని, అలా అనకూడదు. నాకు కోపం వచ్చింది. కానీ ఆయన మాటలోని సంగతి నిజం. తెర మీద వాక్యాలుంటే జనం చదువుతారు, చదువుతున్నప్పుడు వినరు. మీరు చదివేలోపే వాళ్ల చదవడం అయిపోతుంది. మిగిలిన సమయం మీ కోసం ఎదురుచూస్తూ విసుక్కుంటారు.

మీ వైపు పద్మశాలీల ఊళ్లకు కథలు చెప్పే కూనపులి వాళ్లు వచ్చి బొమ్మల గుడ్డ పటం కట్టి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు, మీ పెద్దవాళ్లను అడగండి, చూసినవాళ్లు ఉంటారు. పటం మీద ఎర్ర రంగు, దానిపైన వరసలు వరసలుగా బొమ్మలు. కథకుడు పటం మొత్తం ఒకేసారి విప్పడు. ఎంతవరకు చెబుతున్నాడో అంతవరకే విప్పుతాడు. కర్రతో బొమ్మను తాకి చూపిస్తాడు, వెంటనే జనం వైపు తిరుగుతాడు. బొమ్మలో మాట ఉండదు, మాట ఆయన నోట్లో ఉంటుంది. పటాన్ని ఒక్కదాన్నే గోడకు తగిలిస్తే కథ తెలియని మనిషికి అది రంగుల గుడ్డ. మీ స్లైడ్లకు నేను పెట్టే పరీక్ష అదే. ఒక స్లైడ్ మీరు లేకుండానే పూర్తిగా అర్థమైపోతుంటే, మీరు అక్కడ నిలబడటం దండగ. అలాంటి స్లైడ్‌ను కాగితం మీద ప్రింటు తీసి చివర్న పంచండి.

ఇక 34 స్లైడ్ల సంగతి. మీరు పంపిన కాపీ అంతా చూశాను. ఫ్లోరిన్ మూలక ధర్మాలున్నాయి, దేశాల పేర్లున్నాయి, ఎముకల బొమ్మలున్నాయి. మీరు ఇన్నాళ్లుగా తపించే విషయం, అంటే నల్లా రాని రోజు కూడా బోరు నీళ్లు వంటకు వాడొద్దన్నది, ముప్పై ఒకటో స్లైడ్‌లో ఆఖరి వరసలో ఉంది. ఇరవై రెండు దగ్గరే మీరు ఆగిపోయారు. అంటే ఆ మాట హాల్లో ఎవరి చెవినా పడలేదు.

ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా ఉన్న కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగివస్తూ ముక్కలైంది, ఏడుగురూ పోయారు. బయలుదేరేటప్పుడే ఇంధన ట్యాంకు మీది గట్టి నురుగు (ఫోమ్) ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా పైన తిరుగుతుండగానే ఇంజినీర్లు ఆ దెబ్బ గురించి స్లైడ్లు వేసి నాసా పెద్దలకు వివరించారు. తగిలిన ముక్క సుమారు 1,920 ఘనపు అంగుళాలు, అంతకుముందు పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. 640 రెట్లు! ఆ సంగతి ఒక స్లైడ్‌లో అన్నిటికన్నా కింద వరసలో ఉండిపోయింది. పైన ధైర్యం చెప్పేలాంటి శీర్షిక. ఆ స్లైడ్ చదివిన పై అధికారికి ఇది ప్రాణాల మీదికి వచ్చిన విషయమని తోచకపోవడం అర్థం చేసుకోగలిగినదే అని దర్యాప్తు బోర్డు తన నివేదికలో రాసింది. అంతటివాళ్లకే అలా జరిగింది. అందుకే చెబుతున్నాను, స్లైడ్లు తెరవకముందే ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి. విన్నవాళ్లు మర్నాడు పొద్దున ఏం చెయ్యాలి? ఆ వాక్యానికి పనికొచ్చేది ఉంచండి. రానిది ఎంత కష్టపడి చేసినా తీసేయండి.

ఇక్కడ మీకు రెండు సభలు, కాబట్టి రెండు వాక్యాలు. తల్లులకు: "తాగేందుకూ వండేందుకూ బోరు నీళ్లు ముట్టొద్దు, నల్లా వచ్చినప్పుడే రెండు రోజులకు పట్టి పెట్టుకోండి." అధికారులకు ఆ మాట చెప్పి లాభం లేదు, వాళ్ల ఇళ్లలో ఆ ఇబ్బంది లేదు. వాళ్లు చేయగలిగింది వేరు. నల్లా రాని రోజుల లెక్క రాయించడం, స్కూళ్లలో మధ్యాహ్న భోజనం ఏ నీళ్లతో వండుతున్నారో చూడటం, బోర్లకు పరీక్ష చేయించి, ఫలితాన్ని బట్టి వాటి మీదే రంగు వేయించడం. వీటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. మూడూ అడిగితే మూడింటికీ తల ఊపి వెళ్లిపోతారు, ఒకటే అడిగితే ఎవరో ఒకరు "ఇది నా పని" అనుకునే అవకాశం ఉంది. ఏది ఎంచుకోవాలన్నది మీకే తెలుసు.

హాల్లో 12 నిమిషాలకు ఆరు స్లైడ్లు చాలు. మీ దగ్గర మూడు బోర్ల పరీక్ష ఫలితాలున్నాయని రాశారు. వాటిని పట్టికలా పెట్టకండి. మూడు నిలువు పట్టీలు గీసి, అడ్డంగా ఒక గీత గీయండి. గీత ఎక్కడంటే 1.5 దగ్గర. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు సహిస్తారు. గీత దాటి పైకి పోయిన భాగానికి మాత్రమే ముదురు రంగు వేయండి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టకండి, మగవాళ్లలో కొందరికి ఆ తేడా కనిపించదు. నీలం, నారింజ ఎవరికైనా తెలుస్తాయి. అక్షరాలు 32 సైజుకు తగ్గనివ్వకండి. ఇంగ్లీషుకు సరిపోయే వరసల ఎడం తెలుగుకు సరిపోదు, పైన గుడులు, కింద ఒత్తులు ఒకదానికొకటి తగులుకుని ముద్దవుతాయి. ఎడం పెంచండి. తర్వాత ల్యాప్‌టాప్ టేబుల్ మీద పెట్టి ఏడెనిమిది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. అక్కడి నుంచి చదవలేకపోతే హాల్లో వెనక వరసవాళ్లూ చదవలేరు. పగలు, కిటికీలు తెరిచి ఉన్న హాలు కాబట్టి తెల్లటి స్లైడ్ మీద నల్లటి అక్షరాలే మేలు. నల్లటి స్లైడ్ చీకటి గదిలోనే బాగుంటుంది.

మిల్లీగ్రాము అనే మాట డాక్టర్లకు తప్ప ఎవరికీ కంటికి కట్టదు. ఒక చిన్న కాగితం పొట్లంలో తూచిన ఒక గ్రాము ఉప్పు తీసుకెళ్లండి. "డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంటుంది కదా, ఆ ట్యాంకంతటిలో ఇంత ఉంటేనే లీటరుకు ఒక మిల్లీగ్రాము" అని పొట్లం విప్పి చూపండి. స్లైడ్ అక్కర్లేదు. ఆ సమయంలో కీబోర్డు మీద బి అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే బొమ్మ తిరిగొస్తుంది. తెర ఆరిపోయిన వెంటనే హాలంతా మిమ్మల్నే చూస్తుంది. మీకు అది భయమే, తెలుసు. కానీ అప్పుడు చేతిలో పొట్లం ఉంటుంది, వాళ్ల కళ్లు పొట్లం మీద ఉంటాయి. నాకు తెలిసి భయం తగ్గడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. చేతికి ఒక పని, వాళ్ల కంటికి ఒక వస్తువు.

తల్లుల సమావేశానికి ప్రొజెక్టర్ మాట మరిచిపొమ్మనే నా సలహా. మీ తోటి టీచర్ తెస్తానన్నా సరే. వరండాలో వెలుతురుకు బొమ్మ పాలిపోతుంది, కరెంటు పోతే అందరూ లేచి వెళ్తారు. అన్నిటినీ మించి, తెర చూడగానే వాళ్లు సినిమా చూసే జనంలా కూర్చుంటారు, ప్రశ్న అడగరు. మీకు కావాల్సింది ప్రశ్నలు. టేబుల్ మీద రెండు గాజు గ్లాసులు పెట్టండి, ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఒకదాంట్లో బోరు నీళ్లు. "ఏది మంచిదో చెప్పండి" అని అడగండి. చూసి ఎవరూ చెప్పలేరు, ఫ్లోరైడ్‌కు రంగూ వాసనా ఉండవు. బోరు నీళ్లే తేటగా, తియ్యగా ఉన్నాయనేవాళ్లు కూడా ఉంటారు, అననివ్వండి. అప్పుడు పరీక్ష కిట్‌లోని చుక్కలు వేయండి. ఫ్లోరైడ్‌ను బట్టి రంగు మారుతుంది, కిట్‌తో వచ్చిన రంగుల పట్టీ పక్కన పెట్టి ఒక తల్లి చేతనే పోల్చి చెప్పించండి. ఆ మందు యాసిడ్‌తో కలిసింది, పిల్లల చేతికి ఇవ్వొద్దు, ఆ గ్లాసులు మళ్లీ తాగడానికి వాడొద్దు. ముందురోజే ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి. పాతబడ్డ మందుతో రంగు సరిగా రాకపోతే అక్కడ జరిగే నష్టం పెద్దది.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. "కాచి వండితే పోదా టీచరమ్మా?" పోదు. క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు పెరుగుతుంది కూడా. దీనికి చార్టు మీద రెండే బొమ్మలు గీయించండి. నిండా నీళ్లున్న గిన్నె, అందులో పది చుక్కలు. కాగి సగమైన గిన్నె, అందులో అవే పది చుక్కలు. చదువు రాని తల్లికి కూడా లెక్క తెలిసిపోతుంది. మీ ఎనిమిదో తరగతి పిల్లలు ఆ బొమ్మ గీస్తే ఇంకా మంచిది, తల్లులు తమ పిల్లల బొమ్మను చూసినంత శ్రద్ధగా ఇంకేదీ చూడరు.

నల్గొండ టెక్నిక్ గురించి చెప్పాలా అని అడిగారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేందుకు 1970లలో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతి, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెట్టి తేర్చడం. మన జిల్లా పేరుతో ఆఫ్రికా దేశాల దాకా పోయింది. హాల్లో చెప్పండి, గర్వంగా చెప్పండి. తల్లులకు మాత్రం చూచాయగా చెప్పి వదలకండి. ఎంత పటిక వేయాలన్నది ఆ నీళ్లను పరీక్షించాకే తేలుతుంది, ఇంట్లో చేతికొచ్చినంత వేస్తే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. సగం తెలిసిన ఉపాయంతో "మేం పటిక వేసుకుంటున్నాంలే" అనుకుని బోరు నీళ్లకే అలవాటు పడితే మీ అసలు మాట దెబ్బతింటుంది. నేనైతే అక్కడ దాని జోలికి వెళ్లను.

భాష గురించి ఒక్క ముక్క. హాల్లో ఇంగ్లీషు రాకపోతే చులకనవుతానని, ఊళ్లో మాట వస్తే నవ్వుతారని రాశారు. మీరు "నీళ్లల్ల", "బోరు కాడ" అంటే అర్థం కానివాళ్లు నల్గొండలో ఏ హాల్లోనూ లేరు. పరిభాష ఎటూ ఇంగ్లీషులోనే వస్తుంది, ఫ్లోరోసిస్, మిల్లీగ్రాము, బోర్‌వెల్. మిగతాది మీరు తరగతిలో మాట్లాడే మాటే మాట్లాడండి. తెచ్చిపెట్టుకున్న భాషతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, టెన్షన్ పడ్డప్పుడు ముందు అదే జారిపోతుంది. దాంతో పాటు చెప్పాల్సిందీ జారిపోతుంది.

మీ తోటి టీచర్ మనసు నొచ్చుకుంటుందేమోనని వెనకాడుతున్నారు. మంచి పిల్లవాడే, మీ కోసం రాత్రులు కూర్చుని చేశాడు. అతని 34 స్లైడ్లు పక్కన పెట్టి మీరే కొత్తగా చేసుకోవచ్చు, కాకపోతే తెలిసినప్పుడు బాధపడతాడు. అతన్నే కూర్చోబెట్టి "ఆరింటికి తగ్గిద్దాం తమ్ముడూ" అనవచ్చు. వాదిస్తాడు, ఒక సాయంత్రం పోతుంది, కానీ పట్టీల బొమ్మ మీకన్నా అతను బాగా గీస్తాడు. రెండోదే నయమని నాకనిపిస్తోంది. అయితే ఆ రోజు మీట నొక్కే పని అతనికి ఇవ్వకండి. "నెక్స్ట్, నెక్స్ట్" అని అడుగుతుంటే మాట తెగిపోతుంది. ఆ మీట మీ చేతిలోనే ఉండాలి.

సాధన గురించి పెద్దగా చెప్పను, పాఠం ముందురోజు చదువుకునే అలవాటు మీకుంది. ఫోన్‌ను ఎదురుగా నిలబెట్టి 12 నిమిషాలూ ఒకసారి రికార్డు చేసి చూడండి. చూడటం బాధగా ఉంటుంది, అయినా చూడండి. ఎన్నిసార్లు వెనక్కి తిరిగారో లెక్కపెట్టండి. మొదటి రెండు వాక్యాలూ, చివరి రెండు వాక్యాలూ నోటికి వచ్చేదాకా అనుకోండి, మధ్యలోది నోటికి పట్టకండి.

ఇప్పుడు పళ్ల సంగతి. పాలపళ్లు పోయి వచ్చే పళ్లు లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, ఏ నీళ్లు తాగారో ఆ గుర్తు పంటి మీద నిలిచిపోతుంది. తోమకపోవడం వల్ల కాదు, మీ తప్పు ఇసుమంతైనా లేదు. ఇది మీరు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. మీకు మీరు చెప్పుకోలేదు.

సభలో మీ పళ్ల గురించి మీరు చెప్పవచ్చు. "నేను ఏడేళ్ల వరకు తాగిన నీళ్లు ఇవిగో" అని ఒక్క మాట, నవ్వి. అలా చెబితే హాల్లో ఎవరూ తేలిగ్గా మరచిపోరు, దాచాల్సిందేమీ మిగలదు కాబట్టి మీ చెయ్యి కూడా కిందికి దిగవచ్చు. దానికి ఖరీదూ ఉంది. ఆ తర్వాత కొంతకాలం మిమ్మల్ని చూసిన ప్రతివాళ్లూ ముందు పళ్లే చూస్తారు. ఊళ్లో ఆడపిల్లల సంబంధాల దగ్గర గారపళ్ల మాట ఎలా వస్తుందో మీకు తెలుసు, ఇంట్లో ఎదిగిన కూతురుంటే ఆమెతోనూ ఒకమాట అనుకోవాలి. చెప్పకపోవడం పిరికితనం కాదు. చెప్పకుండా కూడా ముఖం జనం వైపు పెట్టి నిలబడవచ్చు. మధ్య దారి ఒకటుంది. తల్లుల దగ్గర చెప్పండి, హాల్లో చెప్పకండి. తల్లులు మీవాళ్లు, సగం మందివి అవే పళ్లు. అక్కడ ఎలా అనిపించిందో చూసుకుని హాలు సంగతి ఆలోచించండి. అయితే దీనికి తల్లుల సమావేశం ముందు రావాలి. తేదీలు ఇంకా ఖాయం కాలేదన్నారు కదా, హెడ్‌మాస్టర్‌ను అడిగి ముందుకు జరపండి.

మామ ఫొటో. "ఎవ్వరూ నవ్వరు" అన్నాడు మీ తోటి టీచర్. నిజమే, నవ్వరు. కానీ ఆ ఫొటో పని అప్పుడు ఏమిటి? మీకు రక్షణగా నిలబడటం. ఒకప్పుడు మిమ్మల్ని భుజాల మీద మోసిన మనిషిని మళ్లీ మిమ్మల్ని మోయమని అడగడం అది. ఆయన ఒప్పుకుంటారేమో కూడా, మీ మీద ప్రేమతో. అందుకే జాగ్రత్తగా అడగమంటున్నాను.

అడగకుండా పెట్టే దారిని నేను లెక్కలోకే తీసుకోవడం లేదు. కెమెరా చూసి తలుపు వేసుకున్న మనిషి తన సమాధానం అప్పుడే చెప్పారు. మీరు అడిగితే మారవచ్చు, అడగకపోతే ఆ సమాధానమే ఉంది. పైగా హాలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిన ఫైలు అక్కడే ఉండిపోతుంది. ఎవరో ఫోన్‌తో తెరను ఫొటో తీస్తారు, సాయంత్రానికి పది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, కింద ఏం రాస్తారో మీ చేతిలో ఉండదు.

ఆయన సరేనంటే ఫొటో ఆయనే ఎంచుకోవాలి. వంగిన వెన్ను ఒక్కటే కనిపించే ఫొటో కాకుండా, ముఖం ఉన్నది, పని చేస్తున్నదో, మనవలతో ఉన్నదో. పేరు చెప్పాలా వద్దా ఆయన్నే అడగండి. ఆయన నోటి మాట ఒకటి అడిగి తెచ్చుకోండి, అదే చదవండి. ఫొటో ఒకే స్లైడ్‌లో, ఒక నిమిషం ఉండి పోవాలి. ఫొటోలు తీయవద్దని ముందే సభకు చెప్పండి, అయ్యాక ఫైలు మీ కళ్ల ముందే తీసేయించండి. దీనిలో ఇంకో ఇబ్బంది ఉంది, డాక్టర్లు జబ్బు తీవ్రత గురించి అడగడం మొదలుపెట్టవచ్చు, మీరు కోరిన పని పక్కకు పోతుంది. అందుకని ఫొటో వస్తే చివర్న కాకుండా రెండో స్లైడ్‌గా రావాలి. చివర్న తెర మీద ఉండాల్సింది మీరు అడిగే ఆ ఒక్క పని.

ఆయన వద్దంటే, ఫొటో లేకుండానే ఆ బాధను చూపించే దారి మీ ఉత్తరంలోనే ఉంది. మెడ తిరగదు, మనిషి మొత్తం తిరిగి చూడాలి అని రాశారు. తెర ఆర్పేసి, హాల్లో అందరినీ మెడ బిగబట్టి, కదపకుండా పక్కవాళ్లను చూడమనండి. ఒక్క నిమిషం. కుర్చీలు కిర్రుమంటాయి, భుజాలు తిరుగుతాయి. "మా వైపు కొందరు ఇరవై ఏళ్లుగా ఇలాగే చూస్తున్నారు" అనండి. ఎవరి పేరూ, ఎవరి ముఖమూ అక్కర్లేదు. నాకైతే ఫొటో కన్నా ఇదే బలంగా పనిచేస్తుందని నమ్మకం, కానీ అధికారుల చేత ఇలాంటిది చేయించడానికి గొంతులో కొంత ధైర్యం కావాలి. ముందు మీ తొమ్మిదో తరగతి మీద చేసి చూడండి.

ఈ ఆదివారం అమ్మమ్మగారి ఊరికి వెళ్లండి. ఫొటో మాట ఎత్తకముందు ఆ ఆరు స్లైడ్లూ మామకు చూపించండి, గ్లాసులూ పొట్లమూ అన్నీ. ఈ నీళ్ల గురించి ఆయనకు తెలిసినంత హాల్లో ఎవరికీ తెలియదు. ఎక్కడ ఆపి ఏం అడుగుతారో రాసుకోండి. తర్వాతే అడగండి, అదీ "వద్దంటే నా దగ్గర ఇంకో దారి ఉంది మామా" అని ముందు చెప్పి. ఆ మాట చెప్పకపోతే మీ అవసరం చూసి ఆయన సరేననేస్తారు. ల్యాప్‌టాప్ మాత్రం పక్కన పెట్టకండి, ఆయన తిరగనక్కర్లేకుండా సరిగ్గా ఎదురుగా పెట్టండి.